మూడో అంతస్తులో బెట్ట

అల్లుడు పదో గ్రహం అన్న సామెత పుట్టించినవాడు కచ్చితంగా ఎవరో మామగారే అయి ఉంటాడు. మామగారు వచ్చి అల్లుడి ఇంట్లో, అదీ మూడో అంతస్తు ఫ్లాటులో, బాల్కనీకి ఎదురుగా మంచం వేసుకుని కూర్చుంటే పదో గ్రహం ఎవరో నన్నడిగితే చెబుతాను.

మాది కృష్ణా జిల్లా వైపు. పోర్టు దగ్గర గోడౌన్లో ఉద్యోగం వచ్చి విశాఖపట్నం చేరాను. ఇక్కడి అమ్మాయినే చేసుకుని గోపాలపట్నంలో కాపురం పెట్టాను. మా ఆవిడ పుట్టిల్లు పెందుర్తి అవతల. మామగారికి అక్కడ కాస్త వరి మడి, గట్టున కొన్ని నిమ్మచెట్లు ఉండేవి. ఇప్పుడక్కడ కాలనీ లేచింది. అత్తగారు పోయాక మా ఆవిడ ఆయన్ని మా ఇంటికి తీసుకొచ్చేసింది. నేనూ సరేనన్నాను. మనిషి బంగారం. కూరలో ఉప్పు తక్కువైనా, ఎక్కువైనా మాట్లాడడు. టీవీ రిమోట్ ముట్టుకోడు. చెడ్డవాడైతే నా పని ఎంతో సులువయ్యేది, తిట్టుకుని ఊరుకునేవాణ్ణి.

ఆయనతో నాకు వచ్చిన చిక్కల్లా నీళ్ళ దగ్గర. పచ్చగా ఏది కనిపించినా నీళ్ళు పోస్తాడు.

నేను పెంచేవి కాక్టస్‌లు, దళసరి ఆకుల్లో నీళ్ళు దాచుకునే సక్యులెంట్లు. నాకు తోటపని వంశపారంపర్యంగా వచ్చింది కాదు, మా నాన్న బడిపంతులు. షిఫ్టు డ్యూటీలతో మూడు గులాబీ మొక్కల్ని, ఒక మందారాన్ని ఎండబెట్టి చంపాక, నీళ్ళు అడగని మొక్కలు కూడా ఉంటాయని తెలిసి ప్రాణం లేచి వచ్చింది. బాల్కనీలో ఇనప స్టాండు వేయించాను. మట్టి కుండీలు, అడుగున చిల్లులు కొట్టిన పెయింటు డబ్బాలు, పిడి విరిగిన కాఫీ కప్పులు పెట్టాను. ఇసకలో ఇటుక ముక్కలు దంచి కలిపి, గుప్పెడు మట్టి వేసి, నీళ్ళు పోసిన క్షణంలో అడుగు నుంచి జారిపోయేలా తయారుచేసుకున్నాను. గోడౌన్లో నా పని ఎప్పుడూ ఎవరో ఒకరి చేతిలో ఉంటుంది. ఓడ ఆలస్యమైతే మేమూ ఆలస్యం, లారీ రాకపోతే మేమూ ఖాళీ. ఆ స్టాండు ముందు నిలబడితే మాత్రం ఇది నాది, నేను చెప్పినట్టు జరుగుతుంది అనిపించేది.

వాటిలో ఒకటి గుండ్రటిది. కొన్నప్పుడు నిమ్మకాయంత ఉండేది, పెరిగి బత్తాయంత అయింది. ఒళ్ళంతా నిలువు గీతలు, గీతల మీద బంగారం రంగు ముళ్ళు. హైవే పక్కన నర్సరీ అతను ఇస్తూ, దీనికి పసుపు పువ్వు వస్తుందని, చలికాలం చుక్క నీరు తగలనివ్వకుండా పొడిగా ఉంచితేనే వస్తుందని చెప్పాడు. దీపావళి నుంచి శివరాత్రి దాకా దాని జోలికి పోకూడదు. అంతే. ఏమీ చేయకపోవడమే దానికి చేయాల్సిన సేవ. నేను ఆ పువ్వు కోసం కాచుకుని కూర్చున్నాను. ఇల్లు కొనలేదు, ప్రమోషన్ రాలేదు, అవన్నీ పోనీ. ఆ ఒక్క పసుపు పువ్వు చూడాలని ఉండేది.

మామగారు రాకముందు నా శత్రువు మా ఆవిడ ఒక్కతే. గాలి పోర్టు వైపు నుంచి తిరిగిన రోజున ఈ ఊళ్ళో బాల్కనీ నిండా నల్లటి బొగ్గుపొడి పడుతుంది. ఇక్కడి ఆడవాళ్ళ చేతిలో అందుకే తడిగుడ్డ ఎప్పుడూ ఉంటుంది. గ్రిల్లు తుడుస్తారు, చెప్పుల స్టాండు తుడుస్తారు. ఒక సక్యులెంట్ ఆకుల మీద విభూతి రాసినట్టు బూడిదరంగు పొడి ఉంటుంది. అది దాని సొంత పొడి, ఎండ నుంచి కాపాడుకోవడానికి అదే తయారుచేసుకుంటుంది. మా ఆవిడ దాన్ని కూడా శుభ్రంగా తుడిచేసింది.

"ఎంత మురికి పట్టిందో సూసినారేటి? ఇప్పుడు మెరిసిపోతన్నాది," అంది.

మెరిసిన వారానికి ఎండకి కమిలిపోయింది. ఆ మొక్క పోయినందుకు ఏడవాలో, తుడిచినందుకు థాంక్స్ చెప్పాలో తెలియలేదు.

ఆ తరువాత మామగారు దిగారు. మొదటిరోజు బాల్కనీలోకి వచ్చి స్టాండు వంక చాలాసేపు చూశారు. వాళ్ళ వైపు జెముడు మొక్కల్ని గొడ్లు రాకుండా పొలం చుట్టూ కంచెకి వేస్తారు. కూతురి వైపు తిరిగి అన్నారు.

"ఏటమ్మా, పొలానికేసే కంచె తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాడా అల్లుడుబాబు?"

అలా అన్నారే గానీ, మర్నాటి నుంచి ఆ కంచెకి నీళ్ళు పోయడం మొదలుపెట్టారు. బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు కడిగిన నీళ్ళు, గ్లాసులో తాగగా మిగిలిన నీళ్ళు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి కుండీల కింద సాసర్లలో నీళ్ళు నిలిచి ఉండేవి. వారం తిరగకుండా సక్యులెంట్ల ఆకులు ఉడికిన చిక్కుడు గింజల్లా మెత్తబడి, ముట్టుకుంటే రాలిపోయాయి. తీసి పారేశాను. ఆయన చూసి బాధపడ్డారు. ఎండకి తట్టుకోలేకపోయాయనుకుని మిగిలినవాటికి ఇంకో చెంబు ఎక్కువ పోశారు.

మా వైపు మామగారితో అల్లుడు గట్టిగా మాట్లాడడు. మాట్లాడితే, పెళ్ళిలో జరిగిన లోటుపాట్లు మనసులో పెట్టుకుని అంటున్నాడనుకుంటారు. ఒకసారి ధైర్యం చేసి, "మామయ్యగారూ, వీటికి నీళ్ళు అక్కర్లేదండీ," అన్నాను.

"దాహమేస్తే మనిసి అడుగుతాడు. మొక్క అడగనేదు గదా బాబూ," అన్నారు జాలిగా. ఆ జాలి మొక్క మీదో, నా మీదో అర్థం కాలేదు.

మా ఆవిడతో చెప్పించాలని చూశాను. "మీ నాన్న నా మొక్కల్ని చంపేస్తున్నారు," అన్నాను.

"విషం పోసినాడేటి? నీల్లే గదా పోసినాడు," అంది.

ఇక మాటలతో లాభం లేదనుకున్నాను.

చెంబు దాచాను. ఆయన దోసిలితో పోశారు. స్టాండు పైఅరలోకి గుండ్రటి కాక్టస్‌ని ఎక్కించాను. ఆయన స్టూలు వేసుకుని ఎక్కారు. అది చూసి మా ఆవిడ నా మీద విరుచుకుపడింది. ఆ వయసులో మనిషి జారిపడితే, మీ ముళ్ళ మొక్క వచ్చి ఆస్పత్రిలో కూర్చుంటుందా అని అడిగింది. కిందికి దింపాను.

ఇక శాస్త్రీయంగా వివరిద్దామనుకున్నాను. చలికాలం వచ్చింది. ఒకరోజు సాయంత్రం ఆయన పక్కన కూర్చుని, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాను. "ఇది ఇప్పుడు నిద్రపోతోందండీ. లేపకూడదు. నీళ్ళు తగిలితే లేస్తుంది."

"నిద్దరా?" అన్నారు. ముచ్చటపడ్డారు. "పోనీలెండి, పడుకోనీండి."

తలకెక్కిందనుకున్నాను. మర్నాడు పొద్దున్నే చూస్తే కాక్టస్ నిగనిగలాడుతోంది, కుండీ తడిసి నల్లగా ఉంది.

"రాత్రంతా పడుకున్నాది గదా బాబూ. తెల్లారింది గదాని మొకం కడిగినాను," అన్నారు.

నాకు నవ్వు రాలేదు. మా ఆవిడ మాత్రం వంటింట్లో గిన్నె వదిలేసి నవ్వింది. ఆఫీసులో చెబితే వాళ్ళూ నవ్వారు. ఇందులో నవ్వాల్సిందేమిటో నాకు తెలియలేదు. ఆ శివరాత్రికి కాక్టస్ నీళ్ళు తాగి లావెక్కింది తప్ప మొగ్గ వేయలేదు. ఆ మరుసటేడూ అంతే. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు. కాక్టస్‌కి లేని దాహం ఈయనకెందుకో.

దారి దొరికింది మాత్రం అనుకోకుండా. ఒక ఆదివారం పెందుర్తి నుంచి ఆయన బావగారు ఒకాయన చూడ్డానికి వచ్చారు. ఇద్దరూ బాల్కనీలో కూర్చుని పోయిన తోటల కబుర్లు చెప్పుకుంటున్నారు. నేను లోపల అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాను.

"నిమ్మకి బెట్ట సరిగ్గా పెట్టనేదు బావా ఆ యేడు. అందుకే పూత రానేదు," అన్నారు మామగారు.

సబ్బు నురగతోనే బయటికి వచ్చాను. బెట్ట అంటే ఏమిటని అడిగాను. పదాలు తెలియని పట్నం వాణ్ణి చూసినట్టు ఇద్దరూ చూశారు. తరవాత మామగారే చెప్పారు. చెట్టుకి కావాలని నీళ్ళు ఆపేస్తారట. ఆకు వాలిపోయినా కన్నెత్తి చూడరట. అలా ఎండగట్టిన చెట్టు బెదిరి, బతకాలన్న పంతంతో పూతకొస్తుందట. అలా ఆపడమే బెట్ట.

"అదేనండీ!" అని అరిచాను. "ఇన్నేళ్ళుగా నేను చేస్తున్నది అదే! దీనికి బెట్ట పెడుతున్నాను!"

మామగారు కాక్టస్ వంక చూశారు, నా వంక చూశారు. ఆయన మొహంలో నేను ఎప్పుడూ చూడని కోపం కనిపించింది.

"బెట్టేటి? ఇది బెట్టేటి? మరా ముక్క ముందే సెప్పాల గదా బాబూ! నిద్దరంటారు, అక్కర్నేదంటారు. బెట్టని సెప్తే నాను ముట్టుకుందునా?"

బావగారు కూడా తల అడ్డంగా ఊపారు. సబ్బు ఎండిపోయిన మొహంతో నేనే క్షమాపణ చెప్పుకున్నాను.

ఆ దీపావళి నుంచి మామగారు దానికి కాపలాదారయ్యారు. మా ఆవిడ తడిబట్టలు ఆరేస్తుంటే చుక్కలు పడతాయని కసిరారు. "బెట్ట మీదున్నాది, దూరంగా ఆరెయ్యమ్మా!" వాయుగుండం పట్టి జల్లు కొట్టిన రోజున తన నల్ల గొడుగు తెరిచి కుండీ మీద పెట్టి, తాను తడుస్తూ గ్రిల్లు దగ్గర నిలబడ్డారు. మా ఆవిడ లోపలికి రమ్మంటే రాలేదు. చలికాలమంతా చుక్క నీరు తగల్లేదు. మొక్క కాస్త వడిలి ముడుచుకుంది. నాకు పండగలా ఉంది. ఒక్క పదం తెలిసుంటే ఇన్నేళ్ళు పోయేవి కావు కదా అని నా తెలుగు మీద నాకే కోపం వచ్చింది.

శివరాత్రి వెళ్ళాక కాక్టస్ నెత్తి మీద దూదిలాంటి చిన్న ఉబ్బు కనిపించింది. నాలుగు రోజుల్లో అది మొగ్గ అయింది. నేను మామగారిని చేయి పట్టుకుని లాక్కొచ్చి చూపించాను. ఇద్దరం వంగి చూశాం. అంతవరకూ మా ఇద్దరి మధ్య ఎప్పుడూ అంత దగ్గరతనం లేదు.

మర్నాడు నాకు మార్నింగ్ షిఫ్టు. మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి బాల్కనీ నేలంతా ఇసక. మామగారు గొంతుక్కూర్చుని చేతులు కడుక్కుంటున్నారు. కాక్టస్ కుండీ అంచు దాకా నీళ్ళు నిండి, నాట్లకి సిద్ధం చేసిన మడిలా ఉంది. నీళ్ళ మధ్యలో నా మొక్క.

ఆ ఆదివారం ఆయన చెప్పింది బెట్టలో సగమేనని అప్పుడు తెలిసింది. పూత కనబడే వేళకి బెట్ట విరిచేస్తారట. పాదు తవ్వి, సన్న వేళ్ళు కత్తిరించి, గత్తం, అంటే పశువుల ఎరువు, వేసి, గట్టిగా తడి ఇస్తారట. బావగారిచేత పెందుర్తి నుంచి సంచీ నిండా పశువుల గత్తం తెప్పించి నిమ్మచెట్టుకి చేసినట్టే మొత్తం చేశారు. నా ఇసక, నా ఇటుక ముక్కలు అవతల పోసేశారు. ముళ్ళు గుచ్చుకుని ఆయన వేళ్ళ నిండా ఎర్రటి చుక్కలున్నాయి.

"తొలితడి ఇచ్చినాను బాబూ," అన్నారు. "ఇక సూడండి."

నేను బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. కుళాయి తిప్పి, ఆ చప్పుడులో గోడని ఒక గుద్దు గుద్దాను. ఏమనాలి? మింగలేను, కక్కలేను. ఇన్ని చలికాలాలు ఒక్క పని కూడా చేయకుండా నేను చేసిన పని మొత్తం ఒక పూటలో బురదైపోయింది. అది చేసిన మనిషి దాన్ని నాకోసం చేశాడు.

ఆయన కునుకు తీస్తున్నప్పుడు కుండీ ఒంచి నీళ్ళు పారబోయాలని చూశాను. ఆ చప్పుడుకే లేచారు. "తడి ఆరనీకండి బాబూ, మొగ్గ రాలిపోతాది," అన్నారు. మొక్కని పీకి వేళ్ళు ఆరబెడతానని మా ఆవిడతో అన్నాను. ఆమె ఈసారి నవ్వలేదు.

"ఈపాలికి ఒగ్గేయండి," అంది. "మా నాన్న సేతులు మట్టి సేసుకుని ఎన్నేల్లయిందో మీకు తెలుసేటి?"

ఒగ్గేశాను. మళ్ళీ మొక్క జోలికి పోలేదు.

పువ్వు ఆదివారం పొద్దున విచ్చుకుంది. ఎంత బాగుందో చెప్పకపోతే అన్యాయం. పసుపు రంగు పట్టు రెక్కలు, మధ్యలో ఎర్రటి కేసరం, అరచేయంత వెడల్పు. మొక్క కంటే పువ్వే పెద్దగా ఉంది. నేను ఏళ్ళ తరబడి అడిగింది అదే. అప్పటికే మామగారు ఫోన్ పట్టుకుని పెందుర్తి వైపు అందరికీ చెప్పేశారు. "పంటొచ్చింది బావా! సాయంత్రం రండి."

పువ్వుని దగ్గరగా చూద్దామని కుండీ తిప్పినప్పుడు నా బొటనవేలు మొక్క అడుగున తగిలింది. వేలు లోపలికి దిగింది. పండిన సపోటాలా మెత్తగా ఉంది.

కాక్టస్ పెంచేవాళ్ళకి ఆ మెత్తదనం తెలుసు. కింద నుంచి కుళ్ళు పట్టింది. అది ఆగదు, లోపల్లోపల పైకి ఎక్కుతూనే ఉంటుంది. అప్పటికప్పుడు కుళ్ళిన భాగానికి పైన కోసేసి, పైముక్కని ఆరబెడితే బతికినా బతుకుతుంది. సాయంత్రం దాకా ఆగితే ఏమీ మిగలదు. కత్తి వంటింట్లోనే ఉంది. తీసుకుని బాల్కనీ దాకా వచ్చాను. మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, పౌడర్ రాసుకుని, కుండీ పక్కన కుర్చీలు సర్దుతున్నారు.

"కత్తెందుకు బాబూ?" అన్నారు.

"జామకాయ కొయ్యడానికి," అన్నాను. ఇంట్లో జామకాయల్లేవు.

సాయంత్రం వాళ్ళు వచ్చారు. బావగారు, ఇంకో ఇద్దరు ముసలాళ్ళు, అందరూ ఒకప్పుడు పక్కపక్క మళ్ళవాళ్ళే. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, బస్సులో వచ్చిన చెమట తుడుచుకుంటూ, పువ్వు చుట్టూ నిలబడి పొలం చూసినట్టు చూశారు.

"జెముడుకి బెట్ట పెట్టి పువ్వు తీసినావేటి బావా! ఎవుడైనా సేత్తాడా?" అన్నారు బావగారు.

"నాను సేసిందేటున్నాది?" అన్నారు మామగారు. "బెట్ట పెట్టింది మా అల్లుడుబాబు. నాను ఉత్తి తడి ఇచ్చినాను. ఇది మా ఇద్దరి పంట."

నేను టీ కప్పులు పట్టుకుని నిలబడ్డాను. మా ఇద్దరి పంట. కరిగిపోయానని మాత్రం అనుకోకండి. ఇటు నా మొక్క నా కళ్ళముందే నిమిషానికింత చస్తోంది, అటు వీళ్ళు రెండోసారి టీ అడుగుతున్నారు. ఒకాయన పంచదార తక్కువన్నాడు. పంచదార తెచ్చి వేశాను. చీకటి పడకముందు బస్సు అందుకోవాలని నేనే నాలుగుసార్లు గుర్తుచేశాను.

వాళ్ళని దింపడానికి మామగారు స్టాపు దాకా వెళ్ళగానే కుండీ ముందు కూర్చుని కోశాను. మొదటి ముక్క మధ్యలో గోధుమరంగు. దానిపైది కోశాను, గోధుమరంగే. ఇంకా పైది కోశాను. నెత్తి దాకా అదే రంగు. చివరికి నా చేతిలో పువ్వూ, దాని కింద పొక్కులాంటి ముక్కా మిగిలాయి. పొద్దున్న కోసి ఉంటే సగమైనా దక్కేది. ఆ సంగతి నాకు తెలుసు, కత్తికి తెలుసు. ముక్కలన్నీ కాగితంలో చుట్టి చెత్త బండి కోసం బయట పెట్టేశాను.

పొద్దున మామగారు బాల్కనీలోకి వెళ్ళారు. "బాబూ!" అన్న కేక వినిపించింది. వెళ్ళాను. ఖాళీ కుండీని చూపిస్తున్నారు.

"మొక్కేటైపోనాది?"

కుళ్ళిపోయిందని చెప్పొచ్చు. మీరే చంపారని చెప్పొచ్చు. అన్నేళ్ళ కోపం నాలుక చివరే ఉంది. ఆయన వేళ్ళ మీద ముళ్ళ గాట్లు ఇంకా మానలేదు.

"కోసేశానండీ," అన్నాను. "పంట చేతికొచ్చింది కదా మామయ్యగారూ."

ఆయన కుండీ వంక చూశారు, నా వంక చూశారు. మొహం తేటపడింది.

"కోత కోసేసినారేటి? మంచిపని సేసినారు," అన్నారు. "కోతైపోనాక మడి కాలీగా ఒగ్గీకూడదు బాబూ." లోపలికి వెళ్ళి వంటింటి డబ్బాలోంచి గుప్పెడు మినుములు తెచ్చి, నా కుండీలో చల్లి, వేలితో మట్టి కప్పి, చెంబుడు నీళ్ళు పోశారు.

మినుము మొలిచింది. ఎందుకు మొలవదు, దానికి నీళ్ళంటే ఇష్టం. ఇప్పుడు నా ఇనప స్టాండులో మిగిలిన రెండు కాక్టస్‌ల మధ్య అది పచ్చగా, ఏపుగా, సిగ్గులేకుండా పెరుగుతోంది. మొన్న మామగారు బావగారింట్లో శుభకార్యానికి పెందుర్తి వెళుతూ, సంచీ భుజాన వేసుకున్నవారు గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగారు.

"మినుముకి రెండుపూటలా నీల్లు పొయ్యండి బాబూ, మర్సిపోకండి," అన్నారు. "మీకసలే బెట్ట పెట్టే బుద్ది."

ఆయన మెట్లు దిగేదాకా ఆగి, చెంబు తీసుకుని, కోపంగా, కుండీ అంచు దాకా పోశాను.